పైన బంగారు రంగు, అడుగున పచ్చిపిండి: ఒక పీచ్ కాబ్లర్ కేస్ స్టడీ

నేను అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న శివారు ఊళ్లలో ఇళ్లకు వెళ్లి బేకింగ్ నేర్పుతుంటాను. నన్ను పిలిచేవారిలో ఎక్కువమంది తెలుగువారే. పొయ్యి మీద ఏ వంటైనా చేయగలిగినవారే అయినా ఓవెన్ దగ్గరకు వచ్చేసరికి చేతికి లెక్క అందక ఇబ్బంది పడతారు. వారిలో ఒకరి అనుభవాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. రెండు వేర్వేరు లోపాలుగా కనిపించినవి నిజానికి ఒకే లోపమని ఈ కేసులో తేలింది. ఆ సంగతి గ్రహించడంలో నేను చేసిన ఆలస్యం కూడా బేకింగ్ నేర్పేవారికి ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను వదిలేశాను.

నేపథ్యం

కాబ్లర్ అంటే లోతైన పాత్రలో చక్కెర కలిపిన పండ్ల ముక్కలు నింపి, వాటిపై మెత్తని పిండి వేసి ఓవెన్‌లో కాల్చే వంటకం. ఈ పేరు 19వ శతాబ్దం మధ్యకే అమెరికాలో వాడుకలో ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో దీన్ని ముఖ్యంగా మూడు తీరుల్లో చేస్తారు. కరిగిన వెన్న మీద జారుగా కలిపిన పిండి పోసి దానిపై పండు వేసేది ఒకటి, ‘పై’ అనే అమెరికా వంటకంలో లాగా పలుచని పిండి పొర కప్పేది ఒకటి, బిస్కెట్ పిండిని ముద్దలుగా వేసేది ఒకటి. ఇక్కడ బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు, పొంగి పొరలుగా విడిపోయే మెత్తని రొట్టె లాంటిది. ఈ మూడో తీరులో గుడ్డు అవసరం లేదు, అందుకే గుడ్డు తినని తెలుగు ఇళ్లలో నేను మొదట నేర్పేది ఇదే.

నన్ను పిలిచినావిడ యాభై దాటిన గృహిణి. వంట మీద మంచి పట్టున్న మనిషి. పండుగలకు నలభై యాభై మందికి ఒంటిచేత్తో వండిపెట్టగలరు. ఓవెన్‌ను మాత్రం చాలా ఏళ్లుగా బాండీలు, పెనాలు దాచుకునే అల్మరాలాగానే వాడుతున్నారు. జార్జియాలోనే పుట్టి పెరిగిన పొరుగింటి పెద్దావిడ ఒకరు తన కాబ్లర్ పద్ధతిని ఒక కార్డు మీద స్వహస్తంతో రాసి ఆమెకు ఇచ్చారు. ఆ పెద్దావిడ ఆగస్టులో కొడుకు దగ్గరకు వేరే రాష్ట్రం వెళ్లిపోతున్నారు. వీధిలోవాళ్లంతా కలిసి ఇచ్చే వీడ్కోలు విందుకు అదే కాబ్లర్ చేసి పట్టుకెళ్లాలన్నది మా కేసులోని గృహిణి కోరిక. కాబట్టి నేను వేరే రెసిపీ ఇచ్చి తప్పుకోవడానికి వీల్లేదు, ఆ కార్డులో ఉన్నదే కుదరాలి.

కార్డు మీద ఇలా ఉంది: బాగా పండిన పెద్ద పీచ్‌లు (నూగు తొక్క, లోపల టెంక ఉండే పండ్లు) 8, చక్కెర ముప్పావు కప్పు, కార్న్‌స్టార్చ్ ఒక టేబుల్‌స్పూన్ (ఇండియాలో మనం కార్న్‌ఫ్లోర్ అని కొనేది ఇదే), నిమ్మరసం కొంచెం. పైన వేసే పిండికి మైదా లాంటి ఆల్ పర్పస్ ఫ్లోర్ 2 కప్పులు, చక్కెర పావు కప్పు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, చల్లని వెన్న ఒక స్టిక్, అంటే 113 గ్రాములు, బటర్‌మిల్క్ ముప్పావు కప్పు. 375 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద, అంటే 190 సెల్సియస్ వద్ద, 40 నిమిషాలు. చివర “అయ్యేదాకా” అని ఒక మాట.

సమస్య

నేను వెళ్లేసరికే ఆవిడ మూడుసార్లు చేసి చూశారు. మూడుసార్లూ పైభాగం చూడముచ్చటగా, బంగారు రంగులో వచ్చింది. గరిటె దించితే మాత్రం ఆ రంగు కింద వేలి మందాన పచ్చిపిండి జిగురుగా అంటుకుని ఉంది, దాని కింద రసం చారులా పల్చగా పారింది. అక్కడక్కడా పిండిలో పసుపు మరకలు, నాలుకకు సబ్బు తగిలినట్టు ఒక చేదు. రెండోసారి పదిహేను నిమిషాలు ఎక్కువ ఉంచితే పైభాగం మాడింది కానీ అడుగు మారలేదు. మూడోసారి పిండిలో సగం గోధుమపిండి కలిపితే గట్టిపడిందే తప్ప ఉడకలేదు. “పైన చూస్తే పండగ, లోపల చూస్తే పచ్చిపిండి అండీ” అని ఆవిడ చెప్పిన మాటను నా నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను.

మొదటి రోజు నేను ఏమీ మార్చలేదు. తను ఎప్పుడూ చేసేలాగే చేయమని చెప్పి పక్కన నిలబడి చూశాను. చేతిలో అలవాటైన కదలికలను ఎవరూ మాటల్లో చెప్పరు, చూస్తేనే తెలుస్తాయి. ఆ రోజు గమనించినవి చాలా ఉన్నాయి. పీచ్‌లు కొన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే కోశారు. తొక్కను మామిడికాయకు చెక్కినట్టు చాకుతో చెక్కడంతో తొక్కతో పాటు గుజ్జు కూడా పోయింది. పిండిని కప్పులో నొక్కి కొలిచారు, తూచి చూస్తే కప్పు 120 గ్రాములకు బదులు 150 ఉంది. బటర్‌మిల్క్ అన్నచోట ఇంట్లో పెరుగును చిలికి నీళ్లు పోసిన మజ్జిగ వాడారు. పిండిని ముద్దలుగా వేయకుండా పాత్ర అంచు నుంచి అంచుదాకా చేత్తో సమంగా పరిచి, ఎక్కడా సందు లేకుండా మూసేశారు. కాల్చింది 9×13 అంగుళాల గాజు పాత్రలో, ఓవెన్‌లో పై అరలో. నేను తీసుకెళ్లిన చిన్న థర్మామీటర్‌ను ఓవెన్ లోపల వేలాడదీస్తే, డయల్ 375 చూపిస్తున్నప్పుడు లోపల 350 మాత్రమే ఉంది.

అంటే ఏడెనిమిది దోషాలు ఒకేసారి దొరికాయి. ఇన్ని దొరికినప్పుడు అసలైనది వెనక్కి పోతుందని నాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

మొదటి ప్రయత్నం: మజ్జిగ, ఓవెన్

నేను ముందుగా మజ్జిగ, ఓవెన్ ఈ రెండింటినీ పట్టుకున్నాను. మజ్జిగ విషయం తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసినది కనుక కాస్త వివరంగా రాస్తాను. అమెరికాలో దుకాణంలో అమ్మే బటర్‌మిల్క్, పేరుకు మజ్జిగే అయినా, మనం తాగే మజ్జిగ కాదు. పాలను తోడుపెట్టి పుల్లగా, చిక్కగా తయారుచేసినది. మన మజ్జిగలో ఒక వంతు పెరుగుకు రెండు మూడు వంతుల నీళ్లు ఉంటాయి. ఆ పలుచదనం వల్ల పిండి జారుగా తయారై ముద్దలుగా నిలవదు, ఇంకో పక్క పులుపు తగ్గిపోతుంది. వంటసోడా పనిచేయాలంటే దానికి సరిపడా పులుపు ఉండాలి. ఉంటే రెండూ కలిసి బుడగలు పుట్టి పిండి పొంగుతుంది. పులుపు చాలకపోతే మిగిలిపోయిన సోడా పిండిని పసుపుగా మార్చి, సబ్బు రుచి తెస్తుంది. ఆవిడ చూసిన మరకలు ఇవే. పుల్లని గట్టి పెరుగు మూడు వంతులకు పాలు ఒక వంతు కలిపి చిక్కగా చేసుకోమన్నాను, సోడాను పావు టీస్పూన్‌కు తగ్గించాను. బేకింగ్ పౌడర్‌లో దానికి కావలసిన పులుపు దానిలోనే ఉంటుంది కాబట్టి దాని జోలికి పోలేదు.

ఓవెన్‌ను 400కు తిప్పితే లోపల నిజంగా 375 వచ్చింది. పాత్రను మధ్య అరలోకి దించాను. పిండిని తూచాను.

పసుపు మరకలు పోయాయి, సబ్బు రుచి పోయింది. పైపొర తేలికగా, పొరలుగా పొంగింది. అడుగున మాత్రం అదే పచ్చిపిండి, అదే పల్చని రసం. ఇక్కడ నా పద్ధతిలోని లోపం ఒకటి ఒప్పుకోవాలి. ఒకేసారి ఐదు మార్పులు చేశాను కనుక దేనివల్ల ఏది బాగుపడిందో కచ్చితంగా చెప్పలేని స్థితి వచ్చింది. రుచి బాగుపడటానికి మజ్జిగే కారణమని తర్కంతో చెప్పగలను, కొలతతో చెప్పలేను.

రెండో ప్రయత్నం: కార్న్‌స్టార్చ్ పెంచడం

నాలుగు రోజుల తర్వాత మళ్లీ కలిశాం. ఈసారి నేను సమస్యను రెండుగా విడదీశాను. పిండి పచ్చిగా ఉండటం ఒక సమస్య, రసం పల్చగా ఉండటం మరొకటి. పీచ్‌లో దాదాపు 89 శాతం నీరే. చక్కెర తగలగానే ఆ నీరు బయటికి వస్తుంది. 8 పెద్ద కాయలకు, అంటే దాదాపు కిలోన్నర పండుకు, ఒక టేబుల్‌స్పూన్ కార్న్‌స్టార్చ్ ఏ లెక్కన చూసినా తక్కువే. ముందు రసాన్ని చిక్కబరిస్తే దానిలో మునిగి నానుతున్న పిండి కూడా దారికి వస్తుందని అనుకున్నాను. ఆ ఆలోచన అప్పుడు నాకు సబబుగానే తోచింది. ఒక టేబుల్‌స్పూన్‌ను మూడు చేశాం.

ఫలితం మొదటిదానికంటే అధ్వానం. పాత్ర అంచుల దగ్గర రసం చిక్కగా, మెరుస్తూ, బుడబుడలాడుతూ కనిపించింది. మధ్యలో మాత్రం తెల్లగా, మబ్బుగా, నీళ్లలా ఉండి, నోట్లో సున్నం తగిలినట్టు పచ్చివాసన వేసింది. ఒకే పాత్రలో, ఒకే రసం, ఒకే స్టార్చ్, రెండు చోట్ల రెండు రకాలు. ఆ తేడా కనిపించాకే నేను మొదటి రోజే చేయవలసిన పని చేశాను. గుచ్చి చూసే థర్మామీటర్ తీసి ముందు అంచు దగ్గర దించాను, 97 సెల్సియస్. తర్వాత నడిమధ్యలో దించాను, 76. పిండి అడుగుభాగంలో 80.

కార్న్‌స్టార్చ్ రేణువులు సుమారు 62 నుంచి 72 సెల్సియస్ మధ్య ఉబ్బడం మొదలుపెడతాయి. కానీ రసం నిజంగా చిక్కబడి, తెల్లదనం పోయి అద్దంలా తేటపడాలంటే దాదాపు 95 దాకా, అంటే బుడగలు వచ్చేదాకా, వేడెక్కాలి. పైగా చక్కెర కూడా నీటి కోసం పోటీపడుతుంది కాబట్టి తీపి రసంలో ఆ వేడి మరికొంచెం పెరుగుతుంది. 76 దగ్గర ఆగిపోయిన రసంలో ఎన్ని టేబుల్‌స్పూన్ల స్టార్చ్ వేసినా అది పచ్చిపిండిగానే ఉంటుంది. తక్కువైంది స్టార్చ్ కాదు, వేడి. ఇక బిస్కెట్ పిండి లోపల ఉడకాలంటే 93 నుంచి 96 సెల్సియస్ కావాలి, దానికీ అదే వేడి అందలేదు. నేను రెండుగా విడదీసిన సమస్య ఒక్కటే.

ఆవిడకు ఇది వివరించడానికి నాకు రసాయనశాస్త్రం అక్కర్లేకపోయింది. పులుసులో బియ్యప్పిండి కలిపి దించేస్తే ఏమవుతుందని అడిగాను. మరిగితేగాని చిక్కబడదు, పచ్చివాసన పోదు అన్నారు. ఇడ్లీపాత్రలో చన్నీళ్లు పోసి వెంటనే ప్లేట్లు పెడతారా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “నీళ్లు మరగకముందే ఇడ్లీ పెట్టేశానన్నమాట” అన్నారు. కాబ్లర్ గురించి నేను ఇన్నేళ్లలో విన్న అత్యంత సరైన వివరణ అదే.

బిస్కెట్ పిండికి వేడి రెండు వైపుల నుంచి రావాలి. పైనుంచి ఓవెన్ గాలి, కింది నుంచి పండు. పైవైపు 190 డిగ్రీల గాలి ఉన్నా, కింద ఫ్రిజ్ చలువతో కిలోన్నర పండు ఉంటే, పైభాగం ఎర్రబడేలోపు అడుగు ఉడికేంత వేడెక్కదు. ఆ మధ్యలో పిండిలోని వెన్న కరిగి జారిపోతుంది, పిండి రసం పీల్చుకుని జిగురవుతుంది. ఆ తర్వాత వేడి అందినా ఉపయోగం తక్కువ. పైగా పిండిని సందు లేకుండా పరచడం వల్ల ఆవిరి బయటికి పోయే దారి లేక, రసం ఇగరడానికి అవకాశమే లేకుండా పోయింది. గాజు పాత్ర నెమ్మదిగా వేడెక్కుతుందన్న సంగతి దీనికి తోడైంది.

అడగవలసిన ప్రశ్న

ఇంత తెలిశాక కూడా ఒక సందేహం మిగిలింది. అదే కార్డు, అవే కొలతలతో పొరుగింటి పెద్దావిడకు అన్నేళ్లుగా ఎలా కుదిరింది? నేను ఓవెన్‌ను, మజ్జిగను, స్టార్చ్‌ను అనుమానించాను కానీ కార్డును అనుమానించలేదు. ఆ పెద్దావిడను అడిగి రమ్మన్నాను. తిరిగి వచ్చిన సమాధానం రెండు వాక్యాలే: పీచ్‌లను ఇనుప పాత్రలో పొయ్యి మీదే చక్కెరతో ఉడుకు పట్టించి, ఆ పాత్రలోనే పిండి వేసి ఓవెన్‌లో పెడతారట. అది ఎందుకు రాయలేదంటే, రాయాల్సినంత సంగతి అని ఆవిడకు తోచలేదట.

ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మన ఇళ్లలో ఆవకాయ కొలతలు రాసిచ్చే అమ్మమ్మ కూడా ముక్కలను తడి లేకుండా తుడవాలని విడిగా రాయదు. ఆమె దృష్టిలో అది కొలత కాదు, ఎవరికైనా తెలిసిన సంగతి. కార్డు మీద “బాగా పండిన” అన్న మాటకు కూడా ఇలాంటి లోతే ఉంది. జార్జియాలో పీచ్‌ల కాలం మే మధ్యలో మొదలై ఆగస్టు దాకా సాగుతుంది. ముందుగా వచ్చే రకాల్లో గుజ్జు టెంకను గట్టిగా పట్టుకుని ఉంటుంది, తర్వాత వచ్చేవాటిలో టెంక సులువుగా ఊడి వస్తుంది. 1870ల్లో జార్జియాలోని మార్షల్‌విల్‌లో శామ్యూల్ రంఫ్ అనే పీచ్ రైతు పెంచిన ఎల్బర్టా అనే పేరుమోసిన పసుపు రకం కూడా టెంక ఊడి వచ్చేదే. పాత కార్డులు రాసినవారి మనసులో ఉండేది ఇలాంటి పండే. మా గృహిణి మొదటిసారి చేసింది మే నెలలో, టెంక వదలని కాయలతో. గుజ్జును చాకుతో గీకి తీయడంతో ముక్కలు చితికి, రసం మరింత ఎక్కువైంది.

పండిన కాయ గురించి ఇంకో మాట. పండని పీచ్‌ను ఫ్రిజ్‌లో పెడితే, ముఖ్యంగా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య కొన్ని రోజులు ఉంచితే, గుజ్జు పిండిపిండిగా, పీచుగా మారి ఆ తర్వాత సరిగ్గా పండదు. మామిడికాయలను గడ్డిలో మాగబెట్టినట్టే పీచ్‌లను కాగితపు సంచిలో వేసి వంటగది గట్టు మీద ఒకటి రెండు రోజులు ఉంచితే మాగుతాయి. తొడిమ దగ్గర పచ్చదనం పోయి పసుపు తిరిగి, వేలితో నొక్కితే కొంచెం లొంగి, వాసన వచ్చాక కోయాలి. ఆవిడ ఈ ఒక్క మార్పును మాత్రం నేను చెప్పకముందే, మామిడి జ్ఞాపకంతో, తనే చేసుకున్నారు.

మూడో ప్రయత్నం, అందులో మిగిలిన లోపం

పండును ముందే వేడిచేయాలన్నది తేలింది, ఎలా అన్నదే ఇక నిర్ణయించాలి. పొరుగింటి పద్ధతి నేరుగా కుదరదు, ఎందుకంటే ఈ ఇంట్లో ఉన్నది గాజు పాత్ర, దాన్ని పొయ్యి మీద పెట్టకూడదు. ఇనుప పాత్ర కొనమనడం తేలికే కానీ, ఒక వంటకం కోసం మోయలేని బరువున్న పాత్ర కొనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. పండు మొత్తాన్ని వేరే గిన్నెలో ఉడికించి పోయడం మరో దారి. అందులో, బాగా మాగిన ముక్కలు పొయ్యి మీదే జావగా మారి, ఓవెన్‌లోకి వెళ్లేసరికి ముక్క మిగలదన్న భయం ఉంది. నేను ఎంచుకున్నది ఈ రెంటికీ మధ్య దారి: రసాన్ని పొయ్యి మీద, ముక్కలను ఓవెన్‌లో.

కాయల అడుగున చాకుతో చిన్న గాటు పెట్టి, మరిగే నీళ్లలో నిమిషం లోపు ఉంచి, ఐసునీళ్లలోకి తీస్తే నూగు తొక్క వేళ్లతోనే ఊడి వచ్చింది. ముక్కలకు చక్కెర, నిమ్మరసం కలిపి 45 నిమిషాలు వదిలేశాం. చిల్లుల గిన్నెలో వడకడితే సుమారు ఒక కప్పు రసం దిగింది. ఈ వడకట్టడం నాకు ఈ కేసులో అన్నింటికంటే విలువైన అడుగుగా తోచింది. ఎందుకంటే ప్రతి కాయలోనూ నీరు ఒకేలా ఉండదు, దాన్ని బయటికి రప్పించి కప్పులో చూస్తే గాని ఈసారి ఎంత స్టార్చ్ కావాలో ఊహకు వదలకుండా నిర్ణయించలేం. ఆ రసాన్ని గిన్నెలో సగానికి ఇగిరేదాకా మరిగించి, 2 టేబుల్‌స్పూన్ల కార్న్‌స్టార్చ్‌ను కొద్ది చన్నీళ్లలో కలిపి పోసి, తెల్లదనం పోయి తేటపడేదాకా ఒక నిమిషం కలియబెట్టాం. ముక్కలతో కలిపి గాజు పాత్రలోకి వేసి, ఓవెన్‌లో పావుగంట, అంచుల్లో బుడగలు కనిపించేదాకా ఉంచాం. అప్పుడు మధ్యలో గుచ్చితే 84 సెల్సియస్ ఉంది, చల్లని పండుతో మొదలుపెట్టినప్పుడు చివరికి కూడా అందని వేడి అది. తర్వాత పిండిని ఎనిమిది ముద్దలుగా, మధ్యమధ్య వేలెడు సందు వదిలి వేశాం.

28 నిమిషాలకు రసం చిక్కగా, తేటగా వచ్చింది. పిండి అడుగు ఉడికింది. కానీ ముద్దలు అనుకున్నంత పొంగలేదు, బరువుగా ఉన్నాయి. ఆవిడ తృప్తిపడ్డారు, నేను పడలేదు. ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చూసుకుంటే, పండు ఓవెన్‌లో ఉన్నంతసేపూ పిండి కలిపి గట్టు మీదే పెట్టి ఉంచాం. జూలై మధ్యాహ్నం, వంటగదిలో ఒకవైపు పొయ్యి, ఒకవైపు ఓవెన్. సోడా పెరుగులో కలిసిన క్షణం నుంచి పని మొదలుపెడుతుంది, బేకింగ్ పౌడర్‌లో కొంత భాగం తడి తగలగానే, మిగతాది వేడికి పనిచేస్తుంది. ఆ పావుగంట ఆలస్యంలో మొదటి బుడగలు గాలిలో కలిసిపోయాయి, చల్లగా గింజల్లా ఉండాల్సిన వెన్న మెత్తబడి పిండిలో కలిసిపోయింది.

కుదిరిన పద్ధతి

నాలుగోసారి క్రమాన్ని మాత్రమే మార్చాం, కొలతలు ముట్టుకోలేదు. వెన్నను పొడి పిండిలో రవ్వలా అయ్యేదాకా వేళ్లతో నలిపి, ఆ పొడిని ఫ్రిజ్‌లో పెట్టేశాం. పండు ఓవెన్‌లో బుడగలు వేయడం మొదలయ్యాకే పెరుగు పోసి, పదిహేను ఇరవై కలుపులకు మించకుండా గరిటెతో కలిపాం, చపాతీ పిండిలా పిసకవద్దని నేను పక్కనే నిలబడి చెబుతూ ఉన్నాను. వెంటనే ముద్దలు వేసి, పైన కొంచెం చక్కెర చల్లి, పాత్ర అడుగున రసం పొంగితే పట్టడానికి ఒక ట్రే పెట్టి, 375 దగ్గర 27 నిమిషాలు.

మధ్య ముద్దలో గుచ్చితే 95 సెల్సియస్, పండు నడిమధ్యలో 96. ముద్ద తిరగేస్తే అడుగున పండు రసం పట్టిన సన్నని జామ్ లాంటి పొర, దానిపైన పొరలు పొరలుగా విడిపోయే మెత్తదనం. ఓవెన్‌లోంచి తీయగానే వడ్డించవద్దని నేను పట్టుబట్టాను. స్టార్చ్ పట్టిన రసం చల్లారే కొద్దీ బిగుస్తుంది, వేడి వేడిగా పల్చగా కనిపించినది 40 నిమిషాలకు గరిటెకు నిలిచింది. అంతసేపు ఆగడం ఆ ఇంట్లోవాళ్లకు కష్టమైంది.

వీడ్కోలు విందుకు ఆవిడ ఒంటరిగా చేశారు. నేను వెళ్లలేదు, పిలవాల్సిన అవసరమూ రాలేదు. పొరుగింటి పెద్దావిడ రెండోసారి వడ్డించుకున్నారని, కార్డు తీసుకుని దానిమీద “ముందు పీచ్‌లు ఉడుకు పట్టాలి” అని తన చేత్తో ఒక వాక్యం కలిపి ఇచ్చారని తర్వాత చెప్పారు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు నేను ఏ ఇంటికి వెళ్లినా గుచ్చే థర్మామీటర్‌ను మొదటి రోజే వాడుతున్నాను, అదీ రెండు చోట్ల, అంచులో, మధ్యలో. ఒక్కచోట చూసి ఉంటే, ముఖ్యంగా అంచులో మాత్రమే చూసి ఉంటే, 97 చూసి పండు ఉడికిందనే తీర్మానించేదాన్ని. ఏదైనా పల్చగా ఉందంటే చిక్కబరిచే పదార్థం పెంచే ముందు, ఉన్న పదార్థం పనిచేసేంత వేడి చేరిందా అని చూస్తున్నాను. రాసిచ్చిన పద్ధతి ఎవరిదైనా, వీలైతే రాసినవారినే, “మీరు ఏ పాత్రలో చేస్తారు, పండును ఎప్పుడు ఎక్కడి నుంచి తీస్తారు” అని అడిగిస్తున్నాను. ఈ కేసులో ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే రెండు పాత్రల పీచ్‌లు వృథా అయ్యేవి కావు. మంచి జార్జియా పీచ్ వృథా కావడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఒకేసారి ఎన్ని మార్పులు చేయాలన్న విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంత సడలింది. పాఠం చెప్పేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చడమే సరైనది. కానీ సబ్బు రుచి వస్తున్న పిండితో మరోసారి చేయించి, ఇంటిల్లిపాదీ చేత తినిపించి, “ఈసారి మజ్జిగ మార్చలేదు” అనడం నేర్చుకునేవారి ఉత్సాహాన్ని చంపుతుంది. రుచికి సంబంధించిన స్పష్టమైన తప్పులను ఒకేసారి సరిచేసి, కారణం తెలియని లోపాన్ని విడిగా ఉంచుకుని వెతకడం ఇప్పుడు నేను పాటిస్తున్న మధ్యేమార్గం.

నవంబరులో ఆవిడ మళ్లీ ఫోన్ చేశారు. పీచ్‌ల కాలం పోయింది కనుక ఫ్రీజర్‌లో గడ్డకట్టించి అమ్మే ముక్కలతో చేయవచ్చా అని అడిగారు. గడ్డగా ఉన్నవాటిని నేరుగా పాత్రలో వేస్తే జూలైలో చూసిన 76 కన్నా ఇంకా కిందికి వెళతామని, రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, చక్కెర కలిపి, వడకట్టి కొలవమని చెప్పాను. గడ్డకట్టినప్పుడు మంచు స్ఫటికాలు కణాల గోడలను చీలుస్తాయి కాబట్టి రసం ఎక్కువే దిగుతుంది. ఆవిడకు కప్పున్నర దిగింది. దాన్ని మూడింట ఒక వంతు మిగిలేదాకా, అర కప్పుకు ఇగరబెట్టి, అదే 2 టేబుల్‌స్పూన్ల స్టార్చ్‌తో, మిగతాదంతా అదే క్రమంలో చేశారు. ముక్కలు వేసవి పండంత నిలువుగా లేవని, రసం మాత్రం సరిగ్గా కుదిరిందని రాశారు. మధ్యలో ఎంత చూపించిందో కూడా నేను అడగకుండానే రాశారు: 95.